ఆర్డర్ ఆఫ్ ద స్టిక్ మొదటిసారి చదవబోతున్నారా? పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి

ఈ బొమ్మలు చూసి మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. గుండ్రని తల, పుల్లల్లాంటి చేతులు, పుల్లల్లాంటి కాళ్లు. రెండో తరగతి పిల్లవాడు లెక్కల పుస్తకం వెనుక అట్ట మీద ఇంతకంటే బాగా గీస్తాడు అనుకుని, ఇరవై భాగాలు చదివి మూసేశాను. ఏడాది తర్వాత జ్వరంతో మంచాన పడి, చేయడానికి వేరే పనేమీ లేక మళ్లీ తెరిచాను. ఈసారి రాత్రి రెండింటికి మా అమ్మ వచ్చి దీపం ఆర్పేదాకా ఆపలేదు.

రిచ్ బర్లూ అనే అమెరికన్ రచయిత 2003 సెప్టెంబరులో జెయింట్ ఇన్ ద ప్లేగ్రౌండ్ అనే తన వెబ్‌సైటులో మొదలుపెట్టిన ఫాంటసీ వెబ్‌కామిక్, అంటే ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ, ఇది. ఒక్కో భాగాన్ని స్ట్రిప్ అంటారు. ఇప్పటికి 1,300 పైచిలుకు వచ్చాయి. భాష ఇంగ్లీషు, చదవడానికి పైసా ఖర్చు లేదు.

కథ ఏమిటో ఇక్కడ చెప్పను. ఎన్నిసార్లు చదివినవారి దగ్గరా లేనిది కొత్త పాఠకుడి దగ్గర ఒకటి ఉంటుంది: తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం. అది ఒక్కసారి ఖర్చు చేస్తే అయిపోయే సొమ్ము. దాన్ని దుబారా చేయకుండా ఎలా చదవాలో, నేను చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ఒకటో నంబరు నుంచే

మధ్యలోంచి మొదలుపెడితే బాగుంటుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినకండి. ఒకటో స్ట్రిప్ నుంచి వరుసగా చదవండి. ఇంకో జాగ్రత్త: వెబ్‌సైటులో అన్ని స్ట్రిప్‌ల పేర్లూ ఉన్న జాబితా ఒకటి ఉంది. అందులో కొత్తవి పైన, పాతవి అడుగున ఉంటాయి. ఒకటో నంబరు కోసం కిందికి జరుపుతూ పోతే దారిలో కనబడే పేర్లే కొన్ని రహస్యాలు చెప్పేస్తాయి. కళ్లు సగం మూసుకుని అడుగుకు వెళ్లి, ఒకటి తెరిచి, ఇక ఆ జాబితా వైపు తిరిగి చూడకండి. ప్రతి స్ట్రిప్ కిందా తర్వాతి దానికి వెళ్లే గుర్తు ఉంటుంది, అది చాలు. ఆపిన చోట నంబరు రాసి పెట్టుకోండి.

ఫోనులో చదవవచ్చు గానీ, తొలి వందా దాటాక ఒక్కో స్ట్రిప్‌లో మాటలు పెరుగుతాయి, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. కంప్యూటర్ ఉంటే మేలు. మాటలు బొమ్మలో భాగం కాబట్టి, తెలియని పదం మీద వేలితో నొక్కి నిఘంటువు తెరవడం కుదరదు. నిఘంటువును పక్కన వేరుగా తెరిచి ఉంచుకోండి.

ఆట నియమాలు: పావుగంట చాలు

మొదటి స్ట్రిప్‌లోనే చాలామంది తడబడతారు. పాత్రలు నేలమాళిగలో ఉండగా హఠాత్తుగా వాళ్ల లోకపు నియమాలు మారిపోతాయి, అందరూ తమను తాము తడుముకుని చూసుకుంటారు. ఇందులో హాస్యం ఎక్కడుంది? గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో ఉంది. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. దాని నియమావళికి 2003లో సవరించిన కూర్పు వచ్చింది. ఆ ఏడాదే ఈ కామిక్ మొదలైంది, మొదటి జోకు ఆ మార్పు మీదే. ఇక్కడి పాత్రలకు తాము ఆట నియమాల ప్రకారం బతుకుతున్నామని తెలుసు. ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం హాస్యం దానంతట అదే విడిపోతుంది.

ఆట మొత్తం నేర్చుకోనక్కరలేదు. నాలుగు సంగతులు తెలిస్తే చాలు.

మొదటిది పాచిక. ఇరవై ముఖాలది. ఏ పని చేయాలన్నా దాన్ని దొర్లించి, పడిన సంఖ్యకు పాత్ర నైపుణ్యం కలుపుతారు. గోడ చాటున దొంగ ఉన్నాడనుకోండి, వాణ్ణి చూడాలంటే 15 రావాలనుకోండి. పాచిక మీద 4 పడి, మీ చూపు నైపుణ్యం 3 అయితే మొత్తం 7. దొంగ మీ ముక్కు ముందే నిలబడినా మీకు కనబడడు. పాత్రలు మాటిమాటికీ ఈ పరీక్షలో తప్పామని వాపోతుంటే కారణం ఇది.

రెండోది స్వభావం. దీనికి తొమ్మిది గడులు. ఒక వైపు కట్టుబాటు, మధ్యస్థం, విశృంఖలత. ఇంకో వైపు మంచి, మధ్యస్థం, చెడు. కట్టుబాటు గల మంచి అంటే ధర్మరాజు. విశృంఖలమైన చెడు అంటే కీచకుడని నా అభిప్రాయం. కర్ణుణ్ణి ఏ గడిలో పెట్టాలన్న వాదంలో మా ఇంట్లో ఒక సాయంత్రం మొత్తం గడిచిపోయింది, తేలలేదు. కామిక్‌లోనూ అంతే. గడి పేరు ఒకటి, మనిషి చేసే పని ఇంకొకటి అయినప్పుడు ఏమవుతుందన్న దాని మీదే బర్లూ కథలో చాలా భాగం నడుస్తుంది.

మూడోది చావు. ఈ లోకంలో పూజారులకు మృతసంజీవని లాంటి మంత్రాలు ఉన్నాయి. ఆట నియమాల్లో చచ్చినవారిని లేపే మామూలు మంత్రానికి 5,000 బంగారు నాణేల విలువ చేసే వజ్రాలు కావాలి. అందుకని ఎవరైనా చనిపోగానే మీ మనసు అలవాటుగా ఏడుపు వైపు పోకుండా లెక్కల వైపు పోతుంది: పూజారి ఎక్కడున్నాడు, వజ్రాలు ఎవరి దగ్గరున్నాయి, శవం ఎక్కడుంది? ఈ లెక్కలు వేసుకుంటూ నవ్వుతున్న నన్ను ఒక చోట కథ గట్టిగానే దెబ్బ కొట్టింది.

నాలుగోది లిచ్, అంటే చచ్చి కూడా చావని మాంత్రికుడు. ప్రధాన ప్రతినాయకుడు జైకాన్ ఇదే జాతి. ఇంగ్లీషు వివరణలు చదివితే పొడుగ్గా ఉంటాయి, మనకు ఒక్క ముక్క చాలు: బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నట్టే, లిచ్ ప్రాణం ఒక వస్తువులో దాగి ఉంటుంది. ఒళ్లు ముక్కలు చేసినా వాడు తిరిగి వస్తాడు. చిలుక ఎక్కడుందో వెతకడం మీ పని.

ఆరుగురినీ గుర్తుపట్టడం

కథానాయకుల జట్టులో ఆరుగురు. పుల్లల బొమ్మలు కదా, మొదట్లో ఎవరు ఎవరో కలిసిపోతారు. బట్టల రంగు, జుట్టు చూసి పట్టుకోండి. రాయ్ గ్రీన్‌హిల్ట్ నాయకుడు, కత్తి వీరుడు, జట్టులో బుర్ర వాడేవాడు, అందుకే ఎప్పుడూ విసుగ్గా ఉంటాడు. హేలీ దొంగ, బంగారం పేరు వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఈలాన్ గాయకుడు, అమాయకుడు, తన మంత్రాలకు తానే పాటలు కడతాడు. డర్కాన్ డ్వార్ఫ్ అనే గడ్డాల పొట్టివాళ్ల జాతి పూజారి, థోర్ భక్తుడు, చెట్లంటే హడలు. బెల్కర్ బాగా పొట్టి మనిషి, చేతిలో బాకులు, మనసులో నెత్తురు. వార్సూవియస్ ఎల్ఫ్ అనే సూది చెవుల జాతికి చెందిన, మంత్రవిద్య తెలిసిన పాత్ర, ఒక్క మాటకు పది మాటలు మాట్లాడే రకం.

వార్సూవియస్ గురించి తెలుగు పాఠకులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఈ పాత్ర ఆడో మగో కథ చెప్పదు. ఇంగ్లీషులో రచయిత దాన్ని దాచగలడు. తెలుగులో క్రియ ఊరుకోదు. నోటుపుస్తకంలో ‘వార్సూవియస్ మంత్రం వేశాడు’ అని రాసి కొట్టేశాను, ‘వేసింది’ అని రాసి అదీ కొట్టేశాను. చివరికి ‘వేశారు’ అని రాశాను. అక్కడితో పేచీ తీరింది. ‘గారు’ కూడా తగిలించాను. తన పాండిత్యం మీద ఆ పాత్రకు ఉన్న గర్వం చూస్తే, ఆ మర్యాద పూర్తిగా న్యాయమే అనిపిస్తుంది.

నోటుపుస్తకం ఎలా రాయాలి

అసలు పని ఇది. దీన్ని వదిలేస్తే మిగతా సలహాలన్నీ అందరూ చెప్పేవే.

ఒక సన్నని పుస్తకం తీసుకోండి. కథా సంగ్రహం రాయకండి, దాన్ని ఇప్పటికే ఎందరో రాశారు. ఎడమ వైపు స్ట్రిప్ నంబరు, కుడి వైపు ఆ క్షణంలో మీకు అనిపించింది ఒక్క వాక్యంలో రాయండి. ఊహ, అనుమానం, కోపం, ఏదైనా సరే. తప్పయితే ఎలా అన్న సంకోచం వద్దు. తప్పు ఊహలే తర్వాత ఎక్కువ సరదా ఇస్తాయి.

నా పుస్తకంలోంచి మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు:

‘చీకట్లో రెండు పసుపు కళ్లు. బలం బాగా ఉంది, బుద్ధి పసిపిల్లది. ఏనుగా?’

‘ఎర్ర అంగీ గాబ్లిన్ పూజారి యజమాని కంటే తెలివైనవాడు. మరి ఎందుకు పడి ఉంటున్నాడు?’

‘బెల్కర్‌ను జట్టులో ఎందుకు ఉంచుకున్నారు? నేనైతే మొదటి ఊళ్లోనే వదిలేసేవాణ్ణి.’

మొదటిదాని సంగతి చెప్పాలి. జైకాన్ పక్కన ఎప్పుడూ చీకటిలోనే ఉండే ఒక జీవి ఉంది. వెలుగులోకి వచ్చినా గొడుగు నీడలో, పెట్టె లోపల దాచి తెస్తారు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. సరైన సమయంలో నాటకీయంగా బయటపెట్టాలని యజమానుల పట్టుదల. అది ఏ జీవి అన్న పొడుపుకథ మీద పాఠకులు ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆధారాలు కథలో అక్కడక్కడా చల్లి ఉన్నాయి: అది ఏం తిన్నది, ఎంత బలంతో కొట్టింది, ఎవరు చూసి ఏమన్నారు. వేరెవరి సమాధానమూ చదవకుండా మీ ఆధారాలు మీరే ఏరుకోండి. నా ఏనుగు సిగ్గుపడాల్సిన ఊహే, అయినా అది నాది.

రెండోది, ఎర్ర అంగీ వాడి గురించిన ప్రశ్న, చాలా దూరం వెళ్లింది. మొదట్లో వాడు జైకాన్‌కు తోక. నూట ఎనభయ్యో స్ట్రిప్ దగ్గర రాసినదీ ఐదు వందలు దాటాక రాసినదీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, రాసింది ఒకే మనిషేనా అని నాకే సందేహం వచ్చింది. గాబ్లిన్‌లు, అంటే మన కథల్లో రాక్షసుల్లాంటి జాతి, వీరుల చేతుల్లో చావడానికే పుట్టారన్నది ఇలాంటి కథల్లో ఎవరూ అడగని పద్ధతి. ఈ కథ దాన్ని నెమ్మదిగా అడుగుతుంది. మీ చేతిరాతలోని తొలి వాక్యాలు లేకపోతే, మీ అభిప్రాయం ఎప్పుడు మారిందో మీకే గుర్తుండదు.

మీ ఇంగ్లీషుది తప్పు కాదు

మూడు చోట్ల మీకు మీ ఇంగ్లీషు మీదే అనుమానం వస్తుంది. డర్కాన్ యాస మొదటిది. స్కాట్లండ్ పలుకుబడిలా అక్షరాలు మింగేస్తూ మాట్లాడతాడు. కళ్లతో చదివితే తలనొప్పి, పైకి చదివితే పది నిమిషాల్లో అలవాటవుతుంది. వార్సూవియస్ గారి గ్రాంథికం రెండోది. అక్కడ నిఘంటువు తీయండి, సిగ్గేమీ లేదు.

మూడోది నన్ను నిజంగా బోల్తా కొట్టించింది. ఒక దశలో ఒక పాత్ర మాటలు అర్థంపర్థం లేని అక్షరాల గుంపుగా కనబడతాయి. ఫోను పాడైందనుకున్నాను, పేజీ మళ్లీ తెరిచాను, కంప్యూటర్‌లో చూశాను. అంతా సవ్యంగానే ఉంది. అది గుప్తలిపి. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పెట్టి రాసినది. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒంటరిగా నిలిచిన ఒక్క అక్షరాన్ని, పక్కపక్కన జంటగా వచ్చే అక్షరాలను ముందు పట్టుకుంటే చిక్కు విడిపోతుంది. విప్పకపోయినా కథ అర్థమవుతుంది, చుట్టూ ఉన్నవారి జవాబులే సాయం చేస్తాయి. విప్పితే మాత్రం ఆ పాత్ర ఎవరికీ వినబడకుండా ఏం చెప్పుకుంటోందో మీ ఒక్కరికే తెలుస్తుంది.

పేరు పెట్టి వెతకవద్దు

ఇది నా తలకు తగిలిన దెబ్బ. ఒక పాత్ర పేరు అక్షరక్రమం సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఇంటర్నెట్‌లో వెతికాను. పేరు సగం కొట్టగానే, మిగతాది ఊహించి చూపే వరుసలో ఆ పేరు పక్కన ‘మరణం’ అన్న మాట ప్రత్యక్షమైంది. రెండు వందల స్ట్రిప్‌ల పాటు ఎదురుచూడాల్సిన విషయం ఒక్క క్షణంలో పోయింది. ఆ వారం కామిక్ ముట్టుకోలేదు.

కాబట్టి పాత్ర పేరు వెతకవద్దు. ఆట నియమం తెలియకపోతే ఆ నియమం పేరు మాత్రమే వెతకండి. పుస్తకాల ముఖచిత్రాలు కూడా చూడకండి, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో తెలిసిపోతుంది. ముందే చదివిన స్నేహితులు ఉంటే, ‘నేను ఇన్నో నంబరులో ఉన్నాను, నవ్వకుండా విను’ అని చెప్పి మీ ఊహలు చెప్పండి. వాళ్లు పెదవులు బిగబట్టుకోవడం చూడడమే ఒక వినోదం.

రోజుకు ఎన్ని?

తొలి 121 స్ట్రిప్‌లు మొదటి పుస్తకంగా వచ్చాయి. అవి ఎక్కువగా జోకులు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. వాటిలో గడ్డం పెంచుకున్న మనిషి ఒకడు వచ్చినప్పుడు మన ద్విపాత్రాభినయ సినిమాలు గుర్తు చేసుకోండి, అంతకు మించి చెప్పను. తర్వాత రోజుకు పదిహేను దాటవద్దు. మూడు వందల లోపల ఒక చోట రంగు క్రేయాన్లతో పిల్లలు గీసినట్టుండే కొన్ని స్ట్రిప్‌లు వస్తాయి. వాటిని హడావుడిగా దాటవద్దు, మొత్తం కథ వేరు అక్కడుంది. ఆ రోజు అవి మాత్రమే చదివి ఆపండి.

మూడు వందలు చదివాక కూడా మనసుకు పట్టకపోతే వదిలేయండి. ఇది పరీక్ష కాదు. యుద్ధం మొదలయ్యాక మాత్రం రోజు లెక్క పాటించడం మానవమాత్రులకు సాధ్యం కాదు, అప్పుడు నా మాట వినకపోయినా తప్పు పట్టను.

బొమ్మల గురించి మీరు మొదట పడిన బాధ ఏమవుతుందంటే, ఏమీ కాదు. ఐదో పుస్తకం ముగిసి 947వ స్ట్రిప్ దగ్గర గీత మెరుగుపడుతుంది. అప్పటికే ఒక చిన్న గీత వంగితే అది కనుబొమ అని, ఆ మనిషి ఏడుస్తోందని మీకు తెలిసిపోయి ఉంటుంది. మెరుగైన బొమ్మలు చూసి నేను పాతవే బాగున్నాయని గొణుక్కున్నాను కూడా.

పిల్లలకు ఇచ్చే ముందు మీరు చదవండి. పుల్లల బొమ్మలైనా నెత్తురు ఉంది, పెద్దల హాస్యమూ ఉంది.

వెబ్‌సైటులో లేని పుస్తకం

జైకాన్, ఎర్ర అంగీ పూజారి ఇద్దరూ ఎలా కలిశారో చెప్పే స్టార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ అనే పుస్తకం విడిగా అమ్ముతారు, ఉచితంగా దొరకదు. కథాకాలం ప్రకారం ఇది ముందు జరిగినది కదా అని ముందే చదివితే నష్టపోతారు. మూడో పుస్తకం ముగిసే 484వ స్ట్రిప్ దాటాక చదవండి. మిగతావాటి కంటే ఇది చీకటి కథ, నవ్వు తక్కువ.

ఈ కామిక్ పుస్తకాలు మార్కెట్లో దొరకని కాలంలో, 2012లో బర్లూ పునర్ముద్రణ కోసం కిక్‌స్టార్టర్ అనే, జనం దగ్గర సొమ్ము పోగుచేసే వెబ్‌సైటులో 57,750 డాలర్లు అడిగాడు. దాదాపు 15,000 మంది కలిసి 12,50,000 డాలర్లకు పైగా ఇచ్చారు. పుల్లల బొమ్మలకు అంత సొమ్మా అని నేను అప్పుడు చదివి ఉంటే నవ్వేవాణ్ణి.

కొస చేరాక

ఒక రోజు తర్వాతి స్ట్రిప్‌కు వెళ్లే గుర్తు నొక్కితే ఏమీ తెరుచుకోదు. ఉన్నదంతా అయిపోయిందన్నమాట. ఇది వారం వారం ఠంచనుగా వచ్చే కామిక్ కాదు, రచయిత వీలును బట్టి వస్తుంది. 2012 చివర్లో ఆయన చేతికి గాయమై కొన్ని నెలలు ఆగిపోయింది కూడా. చందమామ ధారావాహికల చివర ‘ఇంకా ఉంది’ అని చూసి నెల రోజులు ఓపిక పట్టినవారికి ఇది కొత్త కాదు. వందల స్ట్రిప్‌లు ఒక్క బిగిన మింగిన తర్వాత ఒక్కదాని కోసం ఎదురుచూడడం మాత్రం మొదటి నెల కష్టంగానే ఉంటుంది.

ఆ నెలలో చేయదగిన పని ఒకటుంది. ఒకటో నంబరుకు తిరిగి వెళ్లి, మీ నోటుపుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని, ఒక్కో వాక్యం దగ్గర ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి: ఊహ నిజమైతే టిక్కు, తప్పయితే అడ్డగీత, తేలకపోతే ప్రశ్నార్థకం. నా పుస్తకంలో మొత్తం తొంభై మూడు ఊహలు. టిక్కులు పదకొండు. బెల్కర్‌ను వదిలేస్తానన్న వాక్యం పక్కన ఏ గుర్తు పెట్టాలో ఎంతసేపు ఆలోచించినా తోచక, సిరా చుక్క ఒకటి పడి అలాగే ఎండిపోయింది.